తొమ్మిదో రోజు

మొన్న మనవరాలి బిడ్డకు టీకా వేయించడానికి తోడుపోయినప్పుడు, దూదికద్దిన స్పిరిట్ వాసన ముక్కుకు తగలగానే నేను ఆ చల్లటి ఆసుపత్రి గది వదిలేసి ప్రొద్దుటూరు ఎండలోకి, పెన్నేటి చెలమనీళ్లు బిందెల్లో చల్లబడే మా వసారాలోకి, బాలింత గదిలోంచి సాంబ్రాణీ వామూ నువ్వులనూనే కలిసి వచ్చే ఘాటులోకి వెళ్లిపోయాను. ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. నాకు ఏడేళ్లు.

నా తర్వాత అమ్మకు ఇద్దరు పుట్టారు. ఇద్దరూ తొమ్మిదో రోజు దాటలేదు. పాలు మానేసి, దవడలు బిగుసుకుని పోయారు. బాలగ్రహమని అవ్వ, బొడ్డు కోసిన కొడవలి వల్లనని మునిసిపాలిటీ నర్సమ్మ. తాలూకా కచేరీలో గుమాస్తా అయిన మా నాయన జన్మలో మొదటిసారి తల్లిమాట కాదని, నాలుగో కాన్పుకు నర్సమ్మను పిలిపించాడు.

ఆమె గుంటూరు వైపు మనిషి. వస్తూనే కత్తెర మరగబెట్టడానికి గిన్నె అడిగింది. ఆరేసిన మడిచీర దరిదాపులకు కూడా మమ్మల్ని రానివ్వని అవ్వ, ఇంట్లో గిన్నెలే లేవంది. నర్సమ్మ తిన్నగా వంటింట్లోకి పోయి, అవ్వ చారు కాచుకునే సత్తుగిన్నెలోనే కత్తెర పడేసింది. మగబిడ్డ పుట్టాడని నాయన సంబరంగా చెబితే, "కత్తెర్ల చారు తాగి పుట్టినాడా" అని అవ్వ గోడవైపు తిరిగి కూర్చుంది.

తొమ్మిదో రోజు వచ్చింది. భయంతో అవ్వ పొద్దుటినుంచి మూడుసార్లు సాంబ్రాణి వేసింది. ఆ పొగలో అమ్మ ఎక్కడుందో బిడ్డ ఎక్కడున్నాడో దగ్గుని బట్టి తెలుసుకోవాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి బిడ్డ పాలు మానేశాడు. అమ్మకు ఏడుపు కూడా రాలేదు. అవ్వ కట్టుకున్న మడిచీరతోనే, చెప్పుల్లేకుండా, ఎదురొచ్చినవాళ్లందరినీ తగులుకుంటూ నర్సమ్మ దగ్గరికి పరుగెత్తింది. వెనకాలే నేనూ.

"బిడ్డ పాలు తాగల్యా. నీ కాళ్లు పట్టుకుంటా, రా తల్లీ."

నర్సమ్మ వచ్చి కిటికీ తెరిచింది. దవడ నొక్కి చూసింది, మెత్తగానే ఉంది. తడిదూదితో ముక్కులు తుడిస్తే నల్లగా మసి వచ్చింది. వాడు ఒక్క తుమ్ము తుమ్మి, వీధంతా వినబడేలా ఏడ్చి, ఆమె తెల్లచీర తడిపేశాడు.

"మీ పొగకి నాకే ఊపిరాడటంలేదు మామ్మగారూ. వీడేం పాలు తాగుతాడు?"

అవ్వ కుంపటి తీసుకుపోయి పెరట్లో బోర్లించి వచ్చి, నర్సమ్మ చేయి పట్టుకుని తన పీటమీద కూర్చోబెట్టింది.

అది మొదలు అవ్వ దొరికినదల్లా మరగబెట్టింది: మంగలి కత్తి, నా చెవికమ్మలు, ఒకసారి నాయన కలం పాళీ కూడా. వీధిలో ఎవరికి నొప్పులొచ్చినా ఆ సత్తుగిన్నె చంకన పెట్టుకుని హాజరయ్యేది. "కత్తెర ఉడికిందా ల్యాదా ముందు చెప్పండి. ఆడబిడ్డా మొగబిడ్డా మళ్ల జూస్తాం" అనేది. మంత్రసానులు ఆమెను చూసి సందు మార్చేవాళ్లు.

ఇప్పుడు ఆ వీధిలో బాలింత గదులు లేవు, పొగలు లేవు. కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే, తొమ్మిదో రోజును ఎవరూ లెక్కపెట్టరు. అది పోయినందుకు నాకేం బెంగ లేదు. అమ్మ మాత్రం, ఎంతమంది పిల్లలని ఎవరడిగినా చివరిదాకా నలుగురనే చెప్పేది. ఇప్పుడు అడిగినవాళ్లకు నేనూ తమ్ముడూ, ఇద్దరమే అని చెబుతున్నాం.