నాగప్ప చిలకల అంచు ఎక్కడికి పోయింది?

వనజ మా వీధి నేతగాడు నాగప్ప చిలకల అంచు నమూనాను పెబ్బేరు వ్యాపారికి అమ్మేసి, కంప్యూటర్లోంచి చెరిపేసిందని మా గద్వాల వీధిలో చెప్పుకున్నారు. అమ్ముతుంటే చూసినవాళ్లు ఒక్కరూ లేరు. విని ఊరుకునే మనిషిని కాను కనుక నేనే సంఘం ఆఫీసుకు నడిచాను.

వనజది ఇటిక్యాల. మా నేతగాళ్ల సంఘంలో కంప్యూటర్ మీద చీరల అంచులు గీస్తుంది. మగ్గం గుంతలో కూర్చోవాల్సిన పిల్ల కుర్చీ ఎక్కిందని ఎగతాళి చేసినవాళ్లే తర్వాత నమూనాల కోసం ఆమె చుట్టూ తిరిగారు. 2007లో కొత్త కంప్యూటర్ వచ్చింది. పాతదాంట్లోని నమూనాలన్నీ అందులోకి ఎక్కించారు. అప్పటినుంచి నాగప్ప అంచు కనబడలేదు. నాగప్ప నాయన మొదట నేసిన అంచు అది. గీసిన కాగితం ఎప్పుడో చెదలు తిన్నది. సోమవారానికి దొరక్కపోతే వనజను పనిలోంచి తీసేస్తామన్నారు సంఘం పెద్దలు.

స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాను.

"ఏదీ, నా ముందల దేవులాడు."

"చిలకలు" అని కొట్టింది. ఏమీ రాలేదు.

"చూసినవా పెద్దమ్మా? లేదంటుంది."

"ఎక్కించినది ఎట్ల పోతదే? దానికేమన్న కాళ్లున్నయా?"

వనజ నవ్వలేదు. "పాతదాంట్ల తెలుగు పైకి కనబడేది, అంతే. ఎనుక ఇంగ్లీషు గుర్తులుండె. కొత్తదాంట్ల అసలు తెలుగే. పాతదాంట్ల చూస్తే మన కండ్లకు తెలుగే, దీనికి కాదు. అందుకే దొరకదు."

"పేరు దొరకకుంటే బొమ్మ చూపియ్యి. చిలకను నేను గుర్తుపట్టనా?"

తెర మీద పేర్లు వరుసగా ఉన్నాయి. పైన ఇంగ్లీషువి, కింద తెలుగువి. వనజ తెలుగు పేర్ల జోలికే పోలేదు. ఇంగ్లీషువాటి మధ్య ఏ భాషా కాని పిచ్చిగీతల పేరు ఒకటుంటే, తడుముకోకుండా దాన్నే తెరిచింది. చిలకలు! ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిరిగి చూస్తున్నాయి. నాగప్ప ఇంటివే.

సంతోషించాల్సింది పోయి నా అనుమానం ఇంకా పెరిగింది.

"వనజా, నీ చెయ్యి సీదా దాని మీదికే పాయె. నీకు ముందుగాలనే తెలుసు. ఇన్ని దినాలు దొంగ అంటుంటే ఎందుకు చెప్పలే?"

మౌస్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"కొత్తదాంట్ల ఎవరు కొట్టినా దొరుకుతదట, ఇగ వనజతోని పనేముందన్నరు పెద్దమ్మా. మిగతావాటికి పేర్లు అసలు తెలుగుల మళ్ల కొట్టిన, గదొక్కటి ఇడిచిపెట్టిన. నాకు తప్ప దొరకనిది ఒక్కటన్న ఉంటే నన్ను ఉంచుకుంటరనుకున్న. దొంగ అన్నంక చూపిద్దామంటే, నేనే దాసిన్నంటరని భయమాయె."