మాన్యువల్‌లో అచ్చు కాని పేజీ

నాకు జరిగిన అవమానాలన్నీ నాకు గుర్తున్నాయి. ఆఫీసు ప్రారంభోత్సవం ఫొటోలో నన్ను తలుపు చాటున నిలబెట్టడం, నేను రాసిన మొదటి మాన్యువల్ మీద నా పేరు వేయకపోవడం, ఒకసారి మా యజమాని బయటివాళ్ళకి నన్ను చూపించి "ఈయన మా టైపింగ్ చూస్తారు" అనడం. ఏ రోజు, ఎవరి ముందు, ఆ వేళ నేను ఏ చొక్కా తొడుక్కున్నానో కూడా చెప్పగలను. ఇక్కడ రాస్తున్నది మాత్రం నాకు జరిగింది కాదు, నేను చేసింది.

గుంటూరులో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలకు ప్రోగ్రాం తయారుచేసి ఇచ్చేవాళ్ళం. ఏ రైతు బస్తాలు ఏ గదిలో, ఏ అంతస్తులో, ఏ వరసలో ఉన్నాయో కంప్యూటర్ చెబుతుంది. దాన్ని వాడే గుమాస్తాలకు తెలుగులో పుస్తకం రాయడం నా పని. తొంభైల చివర్లో మొదలుపెట్టి ప్రతి కూర్పూ నేనే రాశాను, నేనే పేజీలు సర్దాను. మధ్యలో ఒక పేరా చేరిస్తే వెనక నలభై పేజీలు జరిగిపోయేవి. మళ్ళీ మొదటినుంచి శీర్షికలు లావు చేసి, ఖాళీలు కొట్టి, విషయసూచికలో అంకెలు చేత్తో దిద్దేవాణ్ణి. అదే నా విద్య అనుకునేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటాక ఒక అమ్మాయి చేరింది. తాడేపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేది. తండ్రి దర్జీ. ఆ ఇంట్లో చదువుకుని ఉద్యోగానికి వచ్చిన మొదటి మనిషి ఆమే. "ఆరు నెలలు చూస్తానమ్మా. పనికొస్తే ఉంటావు, లేకపోతే లేదు" అన్నారు యజమాని అందరూ వింటుండగానే. ఆమె తల ఊపింది. ఆ ఆరు నెలలూ ఆమె ఒక్కపూట ఆలస్యంగా వచ్చినట్టు నాకు గుర్తులేదు.

మూడో నెలలో ఆమె ఒక కొత్త పద్ధతి తెచ్చింది. రాత అంతా మామూలు ఫైల్లో ఉంటుంది. ఇది అధ్యాయం, ఇది శీర్షిక, ఇది హెచ్చరిక అని ముందూ వెనకా గుర్తులు పెడితే చాలు. ఒక కమాండు ఇస్తే పుస్తకం కంప్యూటరే కడుతుంది. తెలుగు అక్షరాలు విరగకుండా రావడానికి ఆమె వారం రోజులు కుస్తీ పట్టింది. యజమాని నన్ను పిలిచి "ఈ అమ్మాయి దగ్గర నేర్చుకోండి" అన్నారు. నా వయసులో సగం ఉంటుంది ఆమెకు.

"అయితే అక్షరం ఎంత లావుండాలో నేను చెప్పక్కర్లేదా?" అన్నాను మొదటి రోజు.

"అక్కర్లేదు సార్. అది హెచ్చరిక అని చెప్పండి చాలు. ఎలా కనపడాలో ఇంకో ఫైలు చూసుకుంటుంది."

"నేను చూసుకుంటే తప్పేంటి?"

"కల్లంలో కాయ ఏరతారు కదండీ, ఎర్రకాయ ఒక పక్క, తాలుకాయ ఒక పక్క. ఏరేవాళ్ళు బస్తా ఏ రంగుదో చూస్తారా? ఇదీ అంతే. మీరు కాయ ఏరండి సార్."

"కూలి పని నాకు, అజమాయిషీ మీ కంప్యూటర్‌కీ అన్నమాట."

"అబ్బ, మీతో మాట్లాడలేం సార్" అని నవ్వింది. ఆ నవ్వు కూడా నేను లెక్కలో రాసుకున్నాను.

నేర్చుకోవడం అవమానంగానే సాగింది. తెరిచిన గుర్తు మూయకపోతే ఆ యంత్రం ఫలానా వరసలో తప్పు అని తెరమీద రాసేది, ఎవరు పక్కన నిలబడినా కనిపించేట్టు. అయినా ఒక మధ్యాహ్నం నూటపాతిక పేజీల పుస్తకం నిమిషంలోపు తయారై, విషయసూచిక తనంతట తనే సరిగ్గా వచ్చినప్పుడు నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం ఎవరికీ కనపడనివ్వలేదు.

ఆ పద్ధతిలో నాకు వెంటనే నచ్చింది ఒక్కటే. దానికని వేరే రెండు గుర్తులున్నాయి, వాటి మధ్య ఏం రాసినా కంప్యూటర్ చూడనట్టు ఊరుకుంటుంది. ఫైల్లో ఉంటుంది, అచ్చులోకి రాదు. మనం గుర్తుపెట్టుకోవాల్సినవి రాసుకోవడానికి అంది ఆమె. నేను అక్కడ నా ఫిర్యాదులు రాసుకునేవాణ్ణి. 'ఈ అధ్యాయం మూడేళ్ళ కిందట నేను రాసిందే' లాంటివి.

పుస్తకంలో బస్తాలు మార్చే అధ్యాయం ఒకటుంది. సీజన్ మధ్యలో కోల్డ్ స్టోరేజీలో బస్తాలు కిందివి పైకి, పైవి కిందికి మారుస్తారు. ఆ రోజు ముందుగా పాత చోట్ల జాబితా అచ్చు తీసుకుని, ఆ తరవాతే మార్పు మొదలుపెట్టాలి. మొదలుపెట్టగానే మా ప్రోగ్రాం పాత చోట్లు చెరిపేస్తుంది. నేను దాన్ని నాలుగు పేజీలు వివరించాను. ఆమె ఏడు మెట్లుగా ఒక్క పేజీలోకి తెచ్చింది. యజమాని అది చదివి, టీ తాగుతున్న అందరిముందూ "ఇదీ రాయడమంటే. చదివితే అర్థమైంది" అన్నారు.

ఆ సాయంత్రం ఆమె బస్సుకి వెళ్ళాక ఆ ఏడు మెట్లకి ముందొకటి వెనకొకటి, అచ్చులోకి రానివ్వని ఆ గుర్తులు పెట్టాను. మర్నాడు నా నాలుగు పేజీలు అక్కడ పెట్టి, రెండూ పక్కపక్కన చూపించి వాదించాలని. మర్నాడు నాకు ఆఫీసు ముఖం చూడబుద్ధి కాలేదు. నడుంనొప్పి అని చెప్పి అద్దంకిలో మా అక్కయ్య ఇంటికి వెళ్ళి మూడు రోజులు కూర్చున్నాను.

ఈలోగా ఆ ఫైలు అలాగే ప్రెస్సుకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి అక్కణ్ణుంచి ప్రూఫులు నా బల్లమీద ఉన్నాయి. పైన యజమాని చేతిరాతతో చీటీ: 'అక్షరదోషాలు మాత్రమే చూడండి.' మాత్రమే. మిగతాది చూసే అర్హత నాకు లేదన్నమాట. చూశాను. 'బస్తాలు మార్చే రోజు చేయవలసినవి' అన్న శీర్షిక కింద ఏమీ లేదు. వెంటనే తరవాతి శీర్షిక. నా చూపు అక్కడ ఆగింది. అందులో అక్షరదోషం లేదు. సంతకం పెట్టి పంపేశాను. ఎవరో ఒకరు చూస్తారు, ఆ ఒక్క పేజీ గొప్ప తేలుతుంది అనుకున్నాను. ఎవరూ చూడలేదు.

రెండు నెలల తరవాత ఒక ఉదయం ఫోన్ మోగింది. ప్రకాశం జిల్లా వైపు ఒక కోల్డ్ స్టోరేజీ గుమాస్తా.

"ఏమండీ, మీ పుస్తకం చూశాకే బస్తాల మార్పు నొక్కాను. ఎవరి బస్తా ఎక్కడుందో ఒక్కటీ చూపించట్లేదు. గేటు బయట రైతులు ట్రాక్టర్లేసుకుని నిలబడ్డారు. నన్ను తంతారండీ ఇవాళ."

పాత జాబితా తీసుకున్నారా అని అడిగాను. "తియ్యమని ఎక్కడ రాశారండీ?" అన్నాడతను. ఆ తరవాత నాలుగు రోజులు హమాలీలు గోనెపట్టాలు కప్పుకుని ఆ చలిగదుల్లో బస్తా బస్తాకీ రంగుతో వేసిన గుర్తులు చదివి చెబుతుంటే, గుమాస్తా మళ్ళీ రాసుకున్నాడని విన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆఫీసులో నేనొక్కణ్ణే ఉన్నాను. ఫైలు తెరిచి, ఆ రెండు గుర్తులూ తీసేసి, మూసేశాను. నిమిషం పట్టింది.

ఆమె వచ్చింది. యజమాని వచ్చారు. ఫైలు తెరిపించారు, పుస్తకం పక్కన పెట్టుకున్నారు.

"ఫైల్లో ఏడు మెట్లూ ఉన్నాయి. పుస్తకంలో లేవు. మధ్యలో ఏమయ్యాయమ్మా?"

"తెలియట్లేదు సార్. అది దానంతటది ఏదీ తియ్యదు."

"మరి నేను తీశానా?"

ఆమె తెర వైపు చాలాసేపు చూసింది. తరవాత నా వైపు చూసింది. నేను పుస్తకం తిరగేస్తున్నాను. "చేత్తో సర్దినన్నాళ్ళూ ఇలాంటిది జరగలేదు" అన్నారు యజమాని. అన్నేళ్ళలో ఆయన నా పనిని మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఆరో నెల నిండడానికి పన్నెండు రోజులుంది. ఆ శనివారం ఆమెను ఇక రావద్దన్నారు. పుస్తకం మళ్ళీ నా చేతికి వచ్చింది. కొన్నాళ్ళు పాత పద్ధతిలో సర్దాను. విసుగొచ్చి ఎవరూ అడక్కుండానే ఆమె పద్ధతికే మళ్ళాను.

ఆరేడేళ్ళకి, నేనా ఉద్యోగం వదిలేశాక, విజయవాడ బస్సులో ఆమె కనిపించింది. మంగళగిరిలో ఎక్కింది. డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతోందట. పక్క సీటు ఖాళీ అయ్యాక వెళ్ళి కూర్చుని చెప్పేశాను. గుర్తుల సంగతి, ప్రూఫుల సంగతి, అన్నీ.

"తెలుసు సార్" అంది. "ఫైలు మారిన టైము ఆ పొద్దున తొమ్మిదింబావు అని చూపించింది. అప్పటికి నేను బస్సులో ఉన్నాను."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదమ్మా."

"మీరు ఎన్నేళ్ళనుంచో ఉన్నారు. నేను నిన్నగాక మొన్న వచ్చాను. నా మాట ఎవరు వింటారండీ? మీరే చెబుతారని శనివారం దాకా చూశాను." కిటికీలోంచి చూస్తూ, "చెప్పాల్సింది నాకు కాదు కదా సార్" అంది. వారధి దాటగానే దిగిపోయింది.

టెలిఫోన్ శాఖ మీద, ఆర్టీసీ మీద, మున్సిపాలిటీ మీద నేను రాసిన ఉత్తరాలు ఒక పెట్టెడు ఉంటాయి. మా పాత యజమానికి ఈ ఒక్క ఉత్తరం రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యం దాటలేదు. చివరికి ఆయన ఇంటికే వెళ్ళాను. అంతా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ అమ్మాయా? పెళ్ళి కుదిరి మానేసిందనుకున్నానే."

"కాదండీ. మీరు పంపించేశారు. నా వల్ల."

"అలాగా" అన్నారాయన. "ఏ పుస్తకం అదీ?" అని అడిగారు.

ఏ పుస్తకమో చెప్పాను. ఏ పేజీయో చెప్పాను. ఆ శీర్షిక చదివినట్టే అప్పజెప్పాను. ఆయనకు గుర్తు రాలేదు. "పోనీలెండి, ఎప్పటి సంగతో" అని కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు. అలా వదిలేయడానికి ఆయనెవరని నాకు కోపం వచ్చింది. కాఫీ తాగకుండా లేచి వచ్చాను.