షూటింగ్ ఇంట్లో కాపలా కెమెరాలు ఆగిన రోజులు

మా ఆయన పోయాక నన్ను వెళ్లిపొమ్మని అమ్మగారు అనలేదు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే పాపం తగులుతుంది. ఆయన ఆ ఇంటికి వాచ్‌మన్. ఆయన లేకపోయినా గేటు పక్క గది నాకే ఉంచారు. ఊడ్చు, తుడువు, షూటింగ్ వాళ్లు వస్తే తాళం తియ్యి, పోతే వెయ్యి అన్నారు. జూబ్లీహిల్స్‌లో అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. కట్టించినవాళ్లు ఎక్కడో అపార్ట్‌మెంటులో ఉంటారు, ఇల్లేమో సినిమాలకూ సీరియళ్లకూ కిరాయికి తిరుగుతుంది. ఒక రోజు ఆ హాలు కలెక్టరు ఇల్లు, ఇంకో రోజు రౌడీ ఇల్లు. నేను మాత్రం ఏ రోజైనా అదే చీపురుతో అదే హాలు ఊడ్చాను.

నా గొంతు మొరటు. మెల్లగా చెప్పినా కొట్లాటకు దిగినట్టే ఉంటుంది. చదువు లేదు, సంతకం వరకు వచ్చు. నేను చెబుతుంటే రాసేవాళ్లు మాటలు కొంచెం సాపు చేస్తున్నారు. చేసుకోనివ్వండి. జరిగింది మాత్రం నేను చెప్పినట్టే జరిగింది.

ఫిల్మ్ నగర్ వైపు ఒక షూటింగ్ ఇంట్లో వాచ్‌మన్ ఓనరుకు తెలియకుండా పెళ్లి ఫోటోల వాళ్లను లోపలికి పంపాడట. కొత్త జంటలు వచ్చి మెట్ల మీద, ఊయల మీద ఫోటోలు దిగి పోయేవాళ్లట. ఆ కథ మా అమ్మగారి చెవిన పడింది. ఆ మాట నాతో అనలేదు గానీ, అప్పటినుంచి నన్ను చూసే చూపు మారింది. ఎవరైనా వచ్చారా, ఎవరైనా అడిగారా అని మాటల్లో మాటగా తిప్పి తిప్పి అడిగేవారు. తర్వాత ఇంటికంతా నెట్టు పెట్టిస్తున్నాను అన్నారు.

నెట్టు పెట్టే అతను బోరబండ నుంచి బండి మీద వచ్చాడు. పెళ్లయినవాడే, ముప్పై దాటి ఉంటాయి. మెట్ల పక్కన చిన్న బల్ల మీద తెల్ల డబ్బా పెట్టాడు. దానికి కొమ్ముల్లాంటివి ఉన్నాయి. ఆ డబ్బా మాట పై గదులకు అందదని మేడమీద ఇంకో చిన్న డబ్బా పెట్టాడు. గేటుకొక కెమెరా, హాలుకొకటి, వెనక తలుపుకొకటి. దీపాలు కూడా మార్చాడు. అమ్మగారు తన ఇంట్లో కూర్చుని ఫోన్ నొక్కితే ఇక్కడ వరండా దీపం వెలుగుతుంది. ఎవరూ లేని ఇంట్లో దీపం దానంతట అదే వెలిగితే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది.

ఇదంతా ఎవరికి కనబడుతుందని అడిగాను. అమ్మగారి ఫోన్లో అన్నాడు. నీ ఫోన్లో కనబడదా అన్నాను. నాకెందుకు కనబడుతుంది పెద్దమ్మా అన్నాడు. అంటూనే సరిగ్గా వస్తోందో లేదో చూస్తానని తన ఫోన్ తీశాడు. అందులో గేటు ఉంది, గేటు ముందు చీపురు పట్టుకుని నేను ఉన్నాను. పని అయ్యాక తీసేస్తానన్నాడు. తీశాడో లేదో నాకెలా తెలుస్తుంది? ఫోన్లో పచ్చది నొక్కితే మాట వస్తుంది, ఎర్రది నొక్కితే బంద్ అవుతుంది. నాకు తెలిసిన ఫోను అంతే.

డబ్బా బాగోగులు నాకు అప్పగించాడు. ముందర పచ్చ దీపాలు మిణుకుతుంటే బాగున్నట్టు. ఎర్రది వెలిగితే ప్లగ్ తీసి, నిదానంగా గ్లాసుడు నీళ్లు తాగి, మళ్లీ పెట్టాలి. తడి గుడ్డ తగలనివ్వకూడదు. నేను రోజూ దేవుడి పటం తుడిచినట్టు పొడి గుడ్డతో తుడిచేదాన్ని. ప్లగ్ తీయాల్సిన పని ఒక్కసారి కూడా రాలేదు.

గేటు కెమెరా మాట్లాడుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. రహమత్ నగర్‌లో బొంతలు కుట్టే ఆమెకు ఇద్దామని పాత చీరలు మూట కట్టుకుని బయలుదేరాను. గేటు దాటుతుంటే గోడలోంచి అమ్మగారి గొంతు, "ఆ మూట ఏంటి?" అంది. ఎదురింటి డ్రైవరు కారు తుడుస్తూ విన్నాడు. రోడ్డు మీదే మూట విప్పి ఒక్కొక్క చీర ఎత్తి గోడకు చూపించాను. అమ్మగారు నవ్వి, ఊరికే అడిగాను, వెళ్లు అన్నారు. డ్రైవరు నవ్వలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ రోజు నుంచి నా గదిలో కెమెరా లేదని తెలిసినా, చీర మార్చుకునే ముందు నాలుగు మూలలూ చూసేదాన్ని.

ఇలా ఉండగా ఒక సీరియల్ వాళ్లు ఇల్లు తీసుకున్నారు. పాతకాలం కథ. ఫోన్లు, ఫ్యాన్లు లేని రోజులది. కొన్ని రోజులు తీసి వెళ్లిపోయేవాళ్లు, మళ్లీ వచ్చేవాళ్లు. వాళ్లు పని చేసేటప్పుడు హాల్లోకి నన్ను రానివ్వరు. నీడ పడుతుంది, చప్పుడవుతుంది అంటారు. నా గదిలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకునేదాన్ని.

ఒక సాయంత్రం వాళ్లు సర్దుకుని పోయాక అమ్మగారు ఫోన్ చేశారు. పొద్దున్నుంచీ కెమెరాలన్నీ ఆగిపోయాయి, ఏం చేశావన్నారు. పరుగున వెళ్లి చూశాను. డబ్బా తన చోట తాను ఉంది, పచ్చ దీపాలు మిణుకుతున్నాయి. అదే చెప్పాను. ఇప్పుడు వస్తున్నాయిలే, ఇందాక ఎందుకు రాలేదు అన్నారు. వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు కూడా అంతే. పగలంతా లేవు, సాయంత్రానికి ఉన్నాయి. అమ్మగారు షూటింగ్ మేనేజరును అడిగారు. మీ ప్లగ్గు మేం ముట్టనే ముట్టలేదు, మా జనరేటర్ మాకుంది అన్నాడట. అది అబద్ధం కాదని తర్వాత తెలిసింది.

నెట్టు అతను వచ్చి అంతా చూశాడు. నా ఎదురుగానే అమ్మగారికి ఫోన్ చేసి చెప్పాడు.

"మేడమ్, డబ్బా మంచిగనే ఉంది. వైర్లు మంచిగనే ఉన్నయి. ఇంట్ల ఎవలో ప్లగ్ వీకుతున్నరు, మళ్ల వెడుతున్నరు."

ఇంట్లో ఎవరో ఏంటి? ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే కదా.

"నీ ఫోన్ల కెల్లి నువ్వే బంద్ చేస్తలేవని ఏం నమ్మకం?" అన్నాను. "మాటిమాటికి నిన్ను పిలవాలె, నీకు పని వడాలె. గంతేనా?"

"అట్ల బతికేటోన్ని కాదు పెద్దమ్మా. నీ అసుంటోల్లు ఇంటికొకలు ఉంటె మాకు పనే దొర్కది."

అమ్మగారు ఫోన్లో ఇదంతా విన్నారు. ఫోన్ నాకివ్వమని అతనికి చెప్పి, నాతో నెమ్మదిగానే అన్నారు. "చూడు, నేను నీతో గొడవ పడను. ఇంకొక్కసారి ఆగితే ఏజెన్సీ నుంచి గార్డును పెట్టుకుంటాను. ఆ గది అతనికి కావాలి."

ఆ మాట విన్నాక నాకు అన్నం రుచి తెలియలేదు. ఆ గదిలోనే మా ఆయన పోయాడు. వేరే గది చూసుకోవడానికి నాకెవరున్నారు? అప్పటినుంచి డబ్బాకు నేనే కాపలా. అడుగు చప్పుడైతే లేచి చూసేదాన్ని. నెట్టు అతని బండి లాంటిది వీధిలో కనబడితే గేటు సందులోంచి చూసేదాన్ని. అతనే చేస్తున్నాడని నాకు గట్టి నమ్మకం. ఎక్కడో బోరబండలో కూర్చుని ఫోన్లో నొక్కుతున్నాడు, ఇక్కడ నా కూడు పోతోంది అనుకునేదాన్ని.

సీరియల్ వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి సీను సగంలో ఆగింది. హీరోయిన్‌కు జ్వరమన్నారు. సామాన్లు తీయకుండా హాలు ఉన్నదున్నట్టు వదిలేశారు. వాళ్లలో సెట్టు సామాన్లు చూసుకునే అతను, తల నెరిసినవాడు, కోస్తా వైపు మనిషి, నన్ను పిలిచి మరీ చెప్పాడు. రేపు ఇదే సీను కొనసాగుతుంది, చెంబు కూడా పక్కకు జరగకూడదు, జరిగితే టీవీలో ఇట్టే తెలిసిపోతుంది, నా ఉద్యోగం పోతుంది, అమ్మా నీదే భారం అన్నాడు. ఉద్యోగం పోవడమంటే ఏంటో నాకు ఒకరు చెప్పాలా? సరేనన్నాను. తాళం వేశాను.

కాసేపటికి అమ్మగారి ఫోన్. మళ్లీ ఆగిపోయాయి, ఈసారి వాళ్లు పోయాక కూడా రాలేదన్నారు.

తాళం తీసి లోపలికి వెళ్లాను. హాలు హాలులా లేదు. ఎక్కడ చూసినా పాత కుర్చీలు, చాపలు, ఇత్తడి సామాను. మెట్ల పక్కన నేల దాకా దిగిన అల్లిక గుడ్డ, దాని మీద బోర్లించిన పెద్ద గంగాళం, గంగాళం మీద బిందె, బిందె మీద చెంబు. మా చిన్న బల్ల కనబడలేదు. డబ్బా కనబడలేదు. మెట్ల కింద చూశాను, కుర్చీల వెనక చూశాను. ఏదీ ముట్టుకోకుండా వంగి వంగి చూశాను.

"అమ్మా, డబ్బా లేదు," అన్నాను.

అమ్మగారు, "పొద్దున్నే వస్తాను. నీ సామాను సర్దుకుని ఉంచు," అని పెట్టేశారు.

సర్దడానికి పెద్దగా ఏముంది? రెండు మూటలు, మా ఆయన ఫోటో, పొయ్యి. తెల్లారేసరికి గది బయట పెట్టుకుని కూర్చున్నాను. అమ్మగారు కారులో దిగారు. వెనకాలే నెట్టు అతను.

"డబ్బా యాడ వెట్టినవ్?" అని అడిగాను.

"నన్నడుగుతవేంది? తాళంచెవి నీ కొంగునుంది."

"దొంగకు తాళం అక్కర్లేదు తమ్మీ."

"విన్నరా మేడమ్? నన్ను దొంగ అంటుంది."

అమ్మగారు ఇద్దర్నీ ఆగమని లోపలికి నడిచారు. నెట్టు అతను కిటికీ దగ్గర నిలబడి, వైరు ఎక్కడినుంచి లోపలికి వస్తోందో చూసి, దాని వెంబడి చేత్తో తడుముకుంటూ మెట్ల దగ్గరకు వచ్చాడు. వైరు అల్లిక గుడ్డ కిందికి పోయింది. గుడ్డ లేపబోయాడు. నేను అడ్డం వెళ్లి నిలబడ్డాను.

"ముట్టకు. షూటింగోల్ల సామాను. నా మీద ఇడిశిపెట్టి పోయిండ్రు."

"వైరు గిందులకే పోయింది పెద్దమ్మా, జర జరుగు."

"చెంబు కూడ జరగొద్దన్నరు. నేను మాటిచ్చిన."

నా గది పోతోంది, సామాను బయట ఉంది, అయినా నేను ఆ గంగాళానికి కాపలా కాస్తూ చేతులు చాపి నిలబడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే ఏదోలా ఉంటుంది. అప్పుడు మాత్రం అది నా పని, అంతే.

ఇంతలో సెట్టు అతను టీ గ్లాసుతో లోపలికి వచ్చాడు. మమ్మల్ని చూసి గ్లాసు కిటికీలో పెట్టేసి, కదపకండి కదపకండి అంటూ వచ్చాడు. నేను అతన్నే అడిగాను.

"అయ్యా, ఈ గంగాళం కింద ఏమున్నది?"

"మీ బాక్సేనమ్మా," అన్నాడు అదేదో అందరికీ తెలిసిన సంగతిలాగా. "ఇది మీ బల్లే. పాతకాలం ఇంట్లో పచ్చ లైట్లు మిణుకు మిణుకుమంటుంటే డైరెక్టరు గారు నన్ను ఉంచుతారా? ప్లగ్గు పీకొద్దని మా మేనేజరు ముందే చెప్పాడండీ. అందుకని పీకలేదు, కప్పెట్టానంతే. ఎప్పుడూ సీను అయ్యి ప్యాకప్ చెప్పగానే తీసేస్తాను. నిన్న సీను అవ్వలేదు కదా."

అతను ముందు ఫోన్‌తో దొంతరకు ఫోటో తీసుకున్నాడు. ఎక్కడున్నవి అక్కడ మళ్లీ పెట్టడానికట. తర్వాత చెంబు దించాడు, బిందె దించాడు, గంగాళం ఎత్తి గుడ్డ తీశాడు. కింద డబ్బా, పచ్చ దీపాలతో నిక్షేపంగా ఉంది. నెట్టు అతను చెయ్యి వేసి చూసి, ఇడ్లీ పాత్రలా కాలుతోందన్నాడు. ఇంత మందం ఇత్తడి బోర్లిస్తే సిగ్నల్ ఎక్కడినుంచి బయటికి వస్తుందని తలకొట్టుకున్నాడు. అమ్మగారి చేతిలో ఫోను టింగు టింగుమంది. గేటు వచ్చింది, హాలు వచ్చింది. హాలులో మేం నలుగురం నిలబడి ఉన్నాం.

నేను బయటికి వచ్చి మూటల దగ్గర నిలబడ్డాను. అమ్మగారు కారు వైపు వస్తుంటే అడిగాను.

"నా సామాను ఏం చెయ్యాలెనమ్మా?"

"లోపల పెట్టుకో," అన్నారు నా వైపు చూడకుండా.

"నేను తియ్యలేదని ఒక్క మాట అను."

అమ్మగారు ఆగారు. "నువ్వు తియ్యలేదు. గది నీదే, గార్డును పెట్టను. సరేనా? అయినా డబ్బా లేదని నువ్వే కదా ఫోన్లో అన్నావు. ఎవరైనా ఏమనుకుంటారు?"

అదీ నిజమే. మూటలు లోపల పెట్టుకున్నాను.

పోయే ముందు, డబ్బాను ఎవరి చేతికీ అందకుండా పైన గోడకు కొట్టమని నెట్టు అతనికి చెప్పారు. షూటింగ్ కెమెరా ఫ్రేములో పడని చోటు ఏదో సెట్టు అతను చూపించాడు. నెట్టు అతను నిచ్చెన వేశాడు. గచ్చు నున్నగా ఉంది, నిచ్చెన జారుతోంది. పట్టుకోమని నన్ను అడగలేదు. నేనే వెళ్లి పట్టుకున్నాను. దొంగ అన్నందుకు ఏదో ఒకటి అనాలనిపించింది, నోరు రాలేదు. నీ ఫోన్లోంచి మా గేటు తీసేశావా అని కూడా అడగాలనిపించింది. అదీ అడగలేదు.

"గట్టిగ పట్టు పెద్దమ్మా," అన్నాడు పైనుంచి. "నా మీద కోపంతోని ఇడిశిపెట్టేవు."

"ఇడిశిపెట్టేదాన్నయితె పట్టుకోనే పట్టుకోకపోదును."

అతను నవ్వలేదు, నేనూ నవ్వలేదు. మేకులు కొట్టాడు, డబ్బా పెట్టాడు, పచ్చ దీపాలు వచ్చేదాకా చూశాడు. తర్వాత దిగాడు, ప్రతి మెట్టు దగ్గరా నా చేతుల వైపే చూసుకుంటూ.