వెలివేసిన బిషప్పుగారి ముందు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక బిషప్పుగారి మాట ఎత్తితే చాలు, అన్నం తింటున్న వాళ్ళందరూ కంచాల్లోకి తలలు వంచుకునేవారు. మా తాతయ్యకు ఆయన దేవుడి మనిషి. మా అమ్మకు దారి తప్పిన మనిషి.

మేము అప్పుడు సింగపూర్‌లోని యీషున్‌లో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నాన్న నా పసితనంలోనే పోయాడు. నాన్న తండ్రి అయిన తాతయ్య గుంటూరు వైపు నుంచి పడుచుతనంలోనే సెంబవాంగ్ నౌకాస్థావరంలో పనికి వచ్చి, ఓడలు బాగుచేసే యార్డులో రిటైరయ్యాడు. మాది కతోలిక కుటుంబం. అమ్మ ఆదివారాలు మా చర్చిలో పిల్లలకు జపాలు నేర్పేది.

ఆ బిషప్పుగారు ఒకప్పుడు తాతయ్య వాళ్ళ ఊళ్ళో పనిచేసిన విదేశీ ఫాదర్. కాళ్ళకు చెప్పుల్లేని పిల్లలకు లాటిన్ జపాలు నేర్పి, వాళ్ళ దగ్గర తెలుగు నేర్చుకున్నారట. తరవాత పూజలు ఎవరి భాషలో వాళ్ళకు చెప్పమని రోమ్ నుంచి ఆజ్ఞ వచ్చినప్పుడు ఆయన ఒప్పుకోలేదు. పాత లాటిన్ పూజ వదలనన్నారు. చివరికి పోపుగారి అనుమతి లేకుండానే బిషప్పు అయ్యారు. అందుకు శ్రీసభ, అంటే కతోలిక సంఘం, ఆయనను వెలివేసింది. తాతయ్య మాత్రం ఆయన ఫొటోను జపాల పుస్తకంలోంచి తియ్యలేదు.

నాకు పన్నెండో ఏడు నడుస్తుండగా ఆయన సింగపూర్ వస్తున్నారని తెలిసింది. ఆయన పూజకు ఎవరూ వెళ్ళవద్దని మా చర్చిలో ఫాదర్‌గారు పూజ చివర గట్టిగా చెప్పారు. ఆ సాయంత్రమే తాతయ్య నన్ను మా బ్లాకు కిందికి తీసుకువెళ్ళి, రాతిబల్ల మీద కూర్చోబెట్టాడు. శనివారం ఆ బిషప్పుగారి చేత నాకు భద్రమైన అభ్యంగనం ఇప్పిస్తానన్నాడు. పవిత్ర తైలంతో నుదుట సిలువ గీసి విశ్వాసంలో స్థిరపరిచే ఆ సంస్కారం బతుకులో ఒక్కసారే ఇస్తారు. మా చర్చిలో దానికోసం నేను అప్పటికే క్లాసులకు వెళుతున్నాను.

"అమ్మకు చెప్పకు తల్లీ. తరవాత నేనే చెప్తాను," అన్నాడు.

"మనల్ని కూడా చర్చ్‌లోంచి తీసేస్తారా తాతయ్యా? ఐ స్కేర్డ్ లా," అన్నాను, బళ్ళో మాట్లాడుకునే సింగపూర్ ఇంగ్లీషులో.

ఆయన నా జడ సవరించాడు.

ఆ వారమంతా కంచంలో అన్నం సగం వదిలేశాను. అమ్మకు చెబితే ఆ ఇంట్లో తాతయ్య ఎలా ఉంటాడు? చెప్పకపోతే నేను చేస్తున్నది పాపం కాదా? అమ్మ నా నుదురు తాకి జ్వరమేమో అని చూసినప్పుడల్లా ఆ చేతికి అన్నీ తెలిసిపోతాయని హడలిపోయేదాన్ని.

శనివారం పొద్దున లైబ్రరీకని అబద్ధం చెప్పి బయలుదేరాం. తెల్ల గౌను ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకున్నాను. బుకిట్ బటోక్‌లో బస్సు దిగాక, తిండిదుకాణాలుండే హాకర్ సెంటర్ టాయిలెట్‌లో అంచు తడవకుండా ఎత్తిపట్టుకుని దాన్ని వేసుకున్నాను. అక్కడికి దగ్గర్లోనే ఒక ఫర్నిచర్ కొట్టు మీద, లాటిన్ పూజల కోసం ఆయన అనుచరులు అద్దెకు తీసుకున్న హాలు. ముప్పై మంది కూడా లేరు. ఆడవాళ్ళందరూ తలమీద ముసుగు వేసుకున్నారు. కింద ఎవరో తలుపు తోసిన ప్రతిసారీ అమ్మే వచ్చిందనుకున్నాను.

పూజకు ముందు బిషప్పుగారు పిల్లలను ఒక్కొక్కరినీ పక్కగదిలోకి పిలిచారు. అందరూ భయపడే మనిషి కదా, భారీగా ఉంటారనుకున్నాను. తీరా చూస్తే చెవిలో మిషన్ పెట్టుకున్న వంగిపోయిన ముసలాయన. తాతయ్య మోకరించి ఆయన ఉంగరం ముద్దుపెట్టుకుని ఏడ్చాడు. ఆయన తాతయ్యను చిన్ననాటి ముద్దుపేరుతో పిలిచి లేవదీశారు. తరవాత నావైపు తిరిగి, బైబిలు భాషలాంటి పాత తెలుగులో అడిగారు.

"నీ తల్లికి తెలియునా?"

తాతయ్య వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. "తెలీదు," అనేసి భోరుమన్నాను.

"ఈ బిడ్డకు నేను ఇవ్వను," అన్నారు బిషప్పుగారు.

"అయ్యా, మీరు మళ్ళీ ఈ దేశం రారు," అని తాతయ్య బతిమాలాడు.

"నేను పోపుగారి మాట కాదంటిని. ఉత్తరం వ్రాసి, కింద నా పేరు పెట్టి కాదంటిని. దాగి చేయలేదు. నీవు ఈ బిడ్డచేత అబద్ధమాడించితివి."

ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, "మీకు భయం వెయ్యలేదా ఫాదర్?" అని అడిగాను.

"ప్రతి ఉదయము వేయును. నాదే తప్పయితే ఎట్లు అని," అంటూ ఆయన నా తలమీద చెయ్యి పెట్టారు.

పూజకు ఆగకుండానే తిరిగొచ్చాం. ఇంటికి రాగానే తాతయ్య నన్ను నోరెత్తనివ్వలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, లైబ్రరీ అబద్ధంతో సహా అంతా తనే చెప్పాడు. అమ్మ స్టవ్ కట్టేసింది.

"నా పిల్లని, నాకు తెలీకుండా! ఎలా చెయ్యాలనిపించింది మావయ్యగారూ?" అంది. అంత కోపంగా ఉన్న అమ్మను నేను అంతకుముందు చూడలేదు. వారం రోజులు అన్నం వడ్డించిందే తప్ప ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు.

మరుసటి శనివారం తాతయ్యే ఆమె ఎదుటికి వెళ్ళాడు. "రేపు నేను ఆ హాల్లో పూజకే వెళ్తానమ్మా. నీకు చెప్పి వెళ్తున్నాను," అన్నాడు.

అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. తరవాత, "గొడుగు తీసుకెళ్ళండి. రేపూ వానొచ్చేలా ఉంది," అంది.

ఆ ఏడాది మా చర్చిలోనే నాకు అభ్యంగనం జరిగింది. వస్తాను కానీ కొత్త పద్ధతి పూజలో ఇచ్చే సత్ప్రసాదం తీసుకోనని తాతయ్య ముందే చెప్పి, వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. బిషప్పుగారు రోమ్‌తో రాజీపడకుండానే కన్నుమూశారు. ఆయన చేసింది తప్పేనని అమ్మ చివరిదాకా అంది. ఆలోచిస్తే నాకూ అలాగే అనిపిస్తుంది.

అయినా, ఒక హైదరాబాదీ ముస్లిం అబ్బాయిని పెళ్ళి చేసుకోవాలని నేను నిశ్చయించుకున్నప్పుడు, ముందు రిజిస్టర్ చేసుకుని తరవాత ఇంట్లో చెప్పమని స్నేహితులందరూ సలహా ఇస్తే వినలేదు. అమ్మ ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆమె మూడు నెలలు నాతో మాట్లాడలేదు. నాలుగో నెలలో, అతనేం తింటాడని అడిగింది.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఎవరికైనా కాదని చెప్పాల్సి వస్తే ఇప్పటికీ నాకు భయమే. భయం తగ్గాక చెబుదామని మాత్రం ఎప్పుడూ ఆగలేదు.