సీసాలో కేబుల్ కొస

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా ఆయన పోయాక కూడా చప్పుడైతే ఆయనేనేమో అని ఉలిక్కిపడ్డదాన్ని కాను. పోయినవాళ్లు తిరిగి వచ్చేటట్లయితే ఆయన అన్న, మా బావగారు, ఈ ఇంట్లో అంత ధైర్యంగా పెత్తనం చేసేవారే కాదు.

మాది తిరుమంగళం. మా ఆయనకు హామ్ రేడియో పిచ్చి, ఇంట్లో కూర్చుని దూరదేశాల వాళ్లతో రేడియోలో మాట్లాడేవారు. మొట్టమాడి, అదే డాబా, మీద గదిలో సెట్టు, దానిపైన యాంటెనా. ఉరిమితే చాలు, కంచంలో అన్నం వదిలి పైకి పరుగెత్తేవారు. సెట్టు వెనక కనెక్టర్ విప్పి, కేబుల్ కొసను గాజు సీసాలో దించి, మూతికి చేతిరుమాలు కుక్కేవారు. పిడుగు తీగ వెంట సెట్టులోకి పోకూడదని.

మా అమ్మాయి హామ్ పరీక్ష పాసై లైసెన్సు కోసం చూస్తోంది. సెట్టు దానికేనని వాళ్ల నాన్న మాట. బావగారు మాత్రం మేట్టుపాళయం నుంచి కొనే మనిషిని పిలిపించారు.

"ఆడపిల్లకి ఇదెల్లా ఏంటికిమా?" అన్నారు నాతో. తీర్పు అయిపోయింది.

ఆ మనిషి వచ్చిన మధ్యాహ్నం సెట్టు పలికించి చూపడానికి బావగారే కనెక్టర్ తగిలించారు. అది పావు తిప్పుతో ఊడివచ్చే బి.ఎన్.సి. కాదు. మరలున్న పి.ఎల్. రకం, ఎన్నో చుట్లు తిప్పితేగాని రాదు. చేత్తో బిగిస్తే చాలని మా ఆయన చెప్పేవారు. బావగారు కటింగ్ ప్లేయర్ పెట్టి బిగించారు. కేబుల్ సెట్టుకు అలాగే ఉండగా గదికి నేను తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకున్నాను. వాళ్లు ముగ్గురూ కింద భోజనాలకు కూర్చుంటే నేను వడ్డిస్తున్నాను.

ఉరిమింది. మా అమ్మాయి లేవబోతే బావగారు కూర్చోమన్నారు. అంతలోనే పిడుగు పడింది. ఇంట్లో టీవీ, ఫ్యాన్లు, నీళ్ల మోటారు అన్నీ మాడిపోయాయి.

నలుగురం పైకి వెళ్లాం. తాళం వేసినట్లే ఉంది. తీసి చూస్తే సెట్టుకు ఏమీ కాలేదు. కేబుల్ కొస సీసాలో ఉంది, మూతికి చేతిరుమాలు కుక్కి ఉంది. కనెక్టర్ మీద ప్లేయర్ పళ్ల గీతలు కొత్తగా మెరుస్తున్నాయి.

"అప్పా పెట్టినట్లే ఉండాదిమా," అంది మా అమ్మాయి.

బావగారు నన్ను అనుమానించారు. వడ్డిస్తున్న మనిషి ఎక్కడికీ కదల్లేదని ఆ కొనే ఆయనే చెప్పాడు. సెట్టు బాగుందని తేలింది కాబట్టి సాయంత్రానికల్లా బావగారు దాన్ని అట్టపెట్టెలో కట్టించి అతనితో పంపేశారు.

ఎవరు విప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆయనే అయితే ఆయన మీద నాకు కోపం. కాలిపోయి ఉంటే ఎవరూ కొనేవారు కాదు. మా అమ్మాయి దాన్ని బాగుచేసుకునేది.