దుప్పుల మంద వెనక వచ్చిన చప్పుడు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. దేవరకొండలో ఒక ప్రైవేటు దవాఖానాలో రక్తపరీక్షలు చేయడం నా పని. గాజుపలక మీద కనిపించింది ఉన్నట్టు, కనిపించనిది లేనట్టు. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు మలేరియా పరీక్ష చేయించమని చెప్పేదాన్ని నేనే. కాబట్టి ఇది చదివి నన్ను వెక్కిరించేవాళ్లు వెక్కిరించవచ్చు. ఒకప్పుడు నేనూ ఆ పనే చేసేదాన్ని.

మాది గొర్రెల కాపరుల కుటుంబం. ఎండాకాలం మా ఊరి చుట్టుపక్కల గడ్డిపోచ దొరకదు. అందుకని బాపు ఏటా మందను తోలుకుని నల్లమల అంచుకు పోయి, వానలు పడ్డాక తిరిగొచ్చేవాడు. మంద తిరిగొచ్చే రోజు అమ్మ ఊరి పొలిమేర దాకా చెంబుతో నీళ్లు పట్టుకుని ఎదురెళ్లేది. ముందు నడిచే గొర్రె కాళ్ల ముందు దారికి అడ్డంగా సగం నీళ్లు ఒంపేది. మంద ఆ తడిని దాటి ఊళ్లోకి పోయేది. చివరన బాపు వచ్చి చెప్పులు విడిచి నిలబడితే, మిగిలిన నీళ్లు ఆయన కాళ్ల మీద పోసేది. అడవిలోది అడవిలోనే ఆగిపోవాలని మావాళ్లు చేసే పద్ధతి అది.

ఒక ఏడు మంద ఒక్కటే వచ్చింది. తోడు వెళ్లిన ఇద్దరు కాపర్లు దాన్ని తోలుకొచ్చారు. పెద్ద వానలో తప్పిపోయిన రెండు గొర్రెల కోసం బాపు లోపలికి పోయాడట, మళ్లీ కనిపించలేదట. ఆ రోజు అమ్మ నిండు చెంబుతో ఎదురెళ్లి, నిండు చెంబుతోనే ఇంటికొచ్చింది. ఒక్క చుక్క ఒంపలేదు.

పోలీసులకు చెప్పాం, వెతికించాం. చిన్న గుర్తు కూడా దొరకలేదు. ఏళ్లు గడిచాయి. అమ్మ బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. దినాలు చేద్దామని ఎవరైనా అంటే లేచి అవతలికి పోయేది. అన్న కూతురి పెళ్లి కుదిరాక గొడవ ముదిరింది. పందిట్లో ఈమెను ముత్తయిదువ అనుకోవాలా వద్దా అని చుట్టాలు అమ్మకు వినబడేలాగే మాట్లాడారు. అన్న బతిమాలాడు, అరిచాడు, చివరికి ఏడ్చాడు. అప్పుడు అమ్మ ఒకటే మాట అంది.

"ఆయన పోయిన అడివి నేను చూడలే. ఒక్కపారి చూపియ్యుండ్రి. గప్పుడు చెప్త."

ఆ అడవిలోకి ఇప్పుడు మనుషులను ఊరికే పోనివ్వరు, పులుల జాగా అది. సఫారీ జీపు ఒక్కటే దారి. నేనూ అమ్మా మన్ననూరు దాకా బస్సులో పోయి జీపెక్కాం. మాతోపాటు కొత్తకోట నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉన్నారు. పులి కనిపించకపోతే వచ్చిందంతా దండగ అన్నట్టు ఆయన ఫోను ఎత్తిన చెయ్యి దించలేదు. అమ్మ ఒళ్లో గుడ్డ మూత కట్టిన చెంబు ఉంది. దాహానికేమో అనుకుని నేను అడగలేదు. నిజం చెప్పాలంటే అడగడానికి భయపడ్డాను.

మధ్యాహ్నం ఎండ ఇంకా తగ్గలేదు. నెమళ్లు కనిపించాయి, ఒక ఎలుగుబంటి వీపు కనిపించి పొదల్లోకి పోయింది. అమ్మ వాటివైపు చూడలేదు, దారి వైపే చూస్తూ కూర్చుంది. ఒక మలుపు దగ్గర డ్రైవరు జీపు ఆపి ఇంజను కట్టేశాడు. ఎదురుగా, దారి వెంట చుక్కల దుప్పుల మంద వస్తోంది.

దుప్పి మనిషిని చూస్తే ఏం చేస్తుందో అందరికీ తెలుసు. చెవులు నిక్కబొడుచుకుంటుంది, తోక ఎత్తుతుంది, ఎగిరి పోతుంది. ఇవి అలా చేయలేదు. ఒకదానికొకటి ఒరుసుకుంటూ, తలలు దించుకుని, దారికి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ముద్దగా నడిచి వస్తున్నాయి. ఒక పిల్ల పక్కకు గడ్డిలోకి తప్పుకుంది. అంతలోనే ఎవరో అదిలించినట్టు ఉలిక్కిపడి మందలో కలిసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ నడక చూస్తున్నదాన్ని. మనిషి వెనక ఉండి తోలితే గొర్రెలు నడిచే నడక అది.

వెనక ఎవరూ లేరు. దుమ్ము మాత్రం ఉంది.

"గిదేంది, నేనెన్నడు సూడలే," అన్నాడు డ్రైవరు మెల్లగా. కొత్తకోట ఆయన వీడియో తీస్తున్నాడు. నేను పక్కకు తిరిగేసరికి అమ్మ జీపు దిగి ఉంది.

"పెద్దమ్మా, దిగొద్దు! పులి తిరిగే జాగ ఇది!" అని అరిచాడు డ్రైవరు.

"పులి ఉంటే గివి గిట్ల నడుస్తయా బిడ్డా," అంది అమ్మ, వెనక్కి చూడకుండానే.

ఆమె మందకు ఎదురెళ్లి దారికి అడ్డంగా సగం నీళ్లు ఒంపింది. దుప్పులు బెదరలేదు. తడిని దాటి, జీపుకు రెండు పక్కలా చీలి, మా చేతికి అందేంత దగ్గరగా పోయాయి. ఆఖరుది కూడా దాటాక ఒక చప్పుడు వినిపించింది. కిర్రు, కిర్రు. మా కాపర్లు తొడిగే తోలుచెప్పులను కిర్రుచెప్పులంటారు, అడుగు వేసినప్పుడల్లా అలాగే మోగుతాయి. డ్రైవరు మెడ చాచి చూశాడు. "ఎనక ఎవరన్న వస్తున్నరా?" అని నన్నే అడిగాడు.

చప్పుడు అమ్మ ముందుకు వచ్చి ఆగింది. అమ్మ వంగి, మిగిలిన నీళ్లు ఒకచోట కొంచెం పోసింది. చెంబు జరిపి, పక్కన మరికొంచెం పోసింది. కుడికాలు, ఎడమకాలు. ఆ తర్వాత ఆ చప్పుడు మళ్లీ వినబడలేదు.

అమ్మ వచ్చి జీపులో కూర్చుంది. ఖాళీ చెంబు నా ఒళ్లో పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"చెప్పులిడిసిండు బిడ్డ. ఇగ మీ అన్నకు చెప్పు, దినాలు చెయ్యమను."

చేశాం. మనిషి ఆనవాలు లేదు కాబట్టి దర్భలతో బొమ్మ చేసి దహనం చేశాడు అన్న. అమ్మ బొట్టు తనే తుడుచుకుంది. పెళ్లిలో ఎవరూ చెప్పకముందే పందిరి అవతల కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లను తిన్నారా అని అడిగింది. ఆమె ముఖంలో అంత నెమ్మది బాపు పోయాక నేనెప్పుడూ చూడలేదు.

నెమ్మది లేనిది నాకే. కొత్తకోట ఆయన వీడియో పంపించాడు. అందులో అన్నీ ఉన్నాయి. దుప్పులు ఉన్నాయి, అమ్మ వీపు ఉంది, నీళ్లు ఉన్నాయి. చప్పుడు కూడా సన్నగా ఉంది. మళ్లీ వినే ధైర్యం నాకు లేదు. వెదురు బొంగులు ఒకదానికొకటి రాసుకున్నా అలాగే మోగుతుందని మా డాక్టరమ్మ అంది. కావచ్చు. ఆ రోజు గాలి లేదు. ఉంటే ఆ దుమ్ము అలా దారి మీదే నిలిచి ఉండేది కాదు. దుప్పులు ఎందుకలా నడిచాయో ఆమె కూడా చెప్పలేదు.

అది వెదురు చప్పుడే అయితే, బాపు ఎక్కడో బతికే ఉన్నాడేమో తెలియకుండా ఆయనకు నిప్పు పెట్టించాం. వెదురు కాకపోతే, ఇన్నేళ్లూ ఆయన ఆ అడవిలో ఎవరివీ కాని మందలను తోలుకుంటూ, దారిలో ఒక చెంబు నీళ్ల కోసం చూశాడు. ఈ రెండింటిలో ఏది నిజమైతే బాగుండునో కూడా నాకు తేలడం లేదు.

చెంబు మా ఇంట్లోనే ఉంది. అమ్మ దాంతోనే రోజూ నీళ్లు తాగుతుంది. నేను ముట్టుకోను.