నడుమెత్తు నీలం

వారపత్రికలో సముద్రపొడ్డు కుటీరం ఫొటో చూసి, తెనాలిలో మా ముందుగదిని అచ్చం అలాగే చేయించాను. గోడలకి నడుమెత్తు దాకా నీలం, ఆ పైన తెలుపు, కిటికీలో బాపట్ల నుంచి తెచ్చిన గవ్వలు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

ఈ రోజు మధ్యాహ్నం రేపల్లె అవతలి ఊరి నుంచి మావారి పిన్ని వచ్చారు. ఉప్పెనలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి. నీలం, తెలుపు కలిసేచోట అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయారు.

"ఏంటి చిన్నత్తయ్యగారూ, రంగు బాలేదాండీ?"

"బానే ఉందమ్మాయ్. ఆ రోజు నీళ్లు ఇక్కడిదాకా వచ్చినప్పుడు, ఇంక పెరగవులే అనుకున్నాం."

నాలుగింటి బస్సుకి వెళ్లిపోయారు. సాయంత్రం ఈయనకి చెప్పాను. ముందుగదిలోని మా పాప ఉయ్యాల తాళ్లు కుదించి, నీలానికి పైకి వచ్చేలా కట్టారు.

ఇద్దరం సైన్సు టీచర్లమే. నవ్వాలనిపిస్తే నవ్వండి గానీ, మీరైతే పాపని కిందే ఉంచేవాళ్లా?